శిలను తట్టిన చేతులు



వసిష్ఠ గోదావరి సాగరమున కలియు అంతర్వేది క్షేత్రమునకు నరసాపురము వైపునుండి పంటుపై ఏరు దాటి వచ్చువారైనను, రాజోలు మీదుగా సఖినేటిపల్లి చేరి వచ్చువారైనను త్రోవ పొడవున చూచునది ఒక్కటే. కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు, తుదకు ఇసుక. కన్ను ఎంతదూరము పారినను ఒక కొండ కనబడదు, ఒక బండ కనబడదు. గోదావరీమాత వేలయేండ్లుగా మోసికొనివచ్చి పరచిన ఒండ్రుమట్టియే కోనసీమ. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన కాటన్ దొర రాతిని అక్కడి కొండనుండియే తీయించెను. ఆ కొండను దాటి దిగువకు వచ్చినచో సముద్రము వరకు రాయి లేదు. ఇంటిలో పిండి రుబ్బుటకు రోలు కావలెనన్నను పైనుండి రావలసినదే.

అట్టి సీమలో ఊరూరను శిలామూర్తి కొలువై యున్నాడు. స్వయంవ్యక్తమూర్తుల మాట వేరు. మిగిలిన ప్రతి మూర్తియు ఎచ్చటనో ఒక కొండలో పుట్టి, ఎవరి చేతులలోనో రూపము దాల్చి, పడవమీదనో బండిమీదనో ఈ ఇసుకనేలకు వచ్చినవాడే. మనము స్థలపురాణమును శ్రద్ధతో విందుము. బ్రహ్మదేవుడు యాగము చేసిన వేదిక గనుక అంతర్వేది యైనదని తెలిసికొందుము. జీర్ణమైన ఆలయమును 19వ శతాబ్దిలో తిరిగి నిలబెట్టిన అగ్నికులక్షత్రియుడు కొపనాతి కృష్ణమ్మను స్మరింతుము. ఇది ఉచితమే. కాని ఊళ్లలోని మూర్తులకు రూపము తీర్చిన శిల్పిని గూర్చి తలచువారు అరుదు. నేనును తలపలేదు. ఒక శిల్పి వచ్చి నన్ను ప్రశ్నించువరకు ఆ ఊహయే నాకు రాలేదు.

స్వామివారి కొయ్యరథము 2020 సెప్టెంబరులో ఒక రాత్రి అగ్నికి ఆహుతియైన సంగతి పాఠకులు మరచియుండరు. ఆ దుఃఖము ఇంకను పచ్చిగా నుండగనే క్రొత్త రథము సిద్ధమై, 2021 ఫిబ్రవరిలో మాఘమాస కల్యాణోత్సవముల వేళకు స్వామిని మోయుటకు నిలిచినది. శుద్ధదశమి రాత్రి కల్యాణము, మరునాడు భీష్మైకాదశికి రథోత్సవము జరుగుట ఆనవాయితీ. ఆ యేటి ఉత్సవములకు ప్రవచనము నిమిత్తము నేను వెళ్లితిని. దశమినాటి ఉదయమున, జనసమ్మర్దము పెరుగకమునుపే, ఒక వృద్ధుడు రథచక్రము ప్రక్కన నిలిచి జానలతో ఏదియో కొలుచుచుండుట చూచితిని. చేతివ్రేళ్ల కణుపులు కాయలు కాచియున్నవి.

"ఆచారిగారూ, కొయ్యపనివారా?" అని అడిగితిని.

"కాదు సామీ, రాతిపని. మాది ఆళ్లగడ్డ. అహోబిలం సామి నీడన బతికినవాళ్లం. ఐదు నెలల్లో పాత రథం పోలికలోనే నిలబెట్టినారని వింటే, చూసిపోదామని వచ్చినాను. కాలింది కొయ్యే. కొలత కాలలేదు."

నేటి నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ తెలుగునాట శిల్పుల ఊరు. అహోబిలయాత్రకు ఆ దారిన పోయినవారికి రోడ్డు ప్రక్కన వరుసగా నిలిచిన శిలామూర్తులును, ఉలిచప్పుళ్లును పరిచితములే.

ఆనాటి సాయంకాలము నేను ప్రహ్లాదచరిత్రమును చెప్పితిని. స్తంభఘట్టము వచ్చినప్పుడు సభ అంతయు కదలినది. నాకును తృప్తి కలిగినది, దాచనేల? నలుబది యేండ్లుగా చెప్పుచున్న ఘట్టమది. సభ ముగిసిన పిదప ఆ వృద్ధుడు అందరును పోవువరకు వేచి, దగ్గరకు వచ్చి చేతులు జోడించెను.

"సామీ, ఒక మాట. హిరణ్యకశిపుడు రాతిని కొట్టి, ఇందులో ఉన్నాడా అని అడిగినాడు. నేనూ యాభై ఏండ్లు రాతిని కొట్టి అదే అడిగినాను. నాకూ వానికీ తేడా ఏమి?"

నాకు సమాధానము తోచలేదు. పెద్దలు చెప్పిన వ్యాఖ్యానములలో వెదకితిని. స్తంభమును గూర్చి కలదు, సంధ్యాసమయమును గూర్చి కలదు, గోళ్లను గూర్చి కలదు. కొట్టిన చేతిని గూర్చి అంతగా లేదు. ఉదయమున సముద్రస్నానమునకు పోవునప్పుడు కలిసికొందమని చెప్పి పంపితిని. ఆ రాత్రి కల్యాణము చూచుచున్నను నా మనస్సు ఆ ప్రశ్నమీదనే తిరుగాడినది.

మరునాడు తెల్లవారుజామున అన్నాచెల్లెళ్ల గట్టు చెంత, నదీజలమును సముద్రజలమును ఒరసికొను చోట, ఇసుకలో కూర్చుండి ఆయన తన పనిని గూర్చి చెప్పెను. నేను అడుగుచుంటిని. ప్రవచనము చెప్పువాడు వినుట అరుదు. ఆ దినము వింటిని.

"రాతిని మేము ముందు కంటితో చూడము సామీ, చెవితో చూస్తాము" అని ఆరంభించెను.

ఆగమములు చెప్పునదియు ఇదియే. శిలలు పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని మూడు తెగలు. సుత్తితో తట్టినప్పుడు గంటవలె గంభీరముగా మ్రోగునది పుంశిల. కంచుతాళమువలె సన్నగా పలుకునది స్త్రీశిల. పలుకనిది నపుంసకశిల. దేవుని మూర్తికి మొదటిది, దేవికిని పీఠమునకును రెండవది, అడుగున పరచు పాదశిలకు మూడవది తగునని నిర్ణయము. పలుకని రాతిని సైతము మన పెద్దలు పారవేయలేదు. స్వామి పాదముల క్రింద దానికి చోటు చూపిరి. బాల్యము, యౌవనము, వార్ధకము అని శిలలకు వయోభేదమును కూడ చెప్పిరి. లేత రాయి ఉలికి పొడియగును. ముదురు రాయి పెళ్లలుగా లేచిపోవును.

ఈ మాటలు వినుచుండగా నాకు రాత్రి ప్రశ్నకు సగము సమాధానము దొరకినట్లు తోచినది. దానవేంద్రుడు స్తంభమును కొట్టినది వినుటకు కాదు. ఇందులో లేడని ముందే నిశ్చయించుకొని, ఆ నిశ్చయమును కుమారునకు చూపుటకై కొట్టెను. శిల్పి తట్టునది వినుటకు. తట్టి ఆగును. రాయి చెప్పినదానిని బట్టి తన తలపును మార్చుకొనును. ఈ సంగతిని ఆయనతో చెప్పితిని.

ఆయన తల ఊపెను గాని తృప్తిపడలేదు. "అది నిజమే. అయినా వానికి కూడా సామి కనబడినాడు గదా" అనెను.

ఇది నేను దాటవేసిన విషయము. వెక్కిరింపుతో అడిగిన ప్రశ్నకును స్వామి బదులు పలికెను. లేడని చరచిన చేతికిని ప్రత్యక్షమయ్యెను. అడిగినవాని తీరు ఎట్టిదైనను, ప్రశ్న రాతిలోనికి వృథాగా పోలేదు. అయితే ఆ దర్శనమును హిరణ్యకశిపుడు భరింపలేకపోయెను. చూచినవాడు వాడును, చూచినవాడు ప్రహ్లాదుడును. ఒకే సభలో, ఒకే క్షణమున, ఒకే మూర్తిని.

పిదప కొలతల మాట వచ్చినది. విష్ణుమూర్తికి ఉత్తమదశతాళ ప్రమాణము చెప్పబడినది. అనగా మూర్తి ఎత్తును 124 అంగుళములుగా విభజింపవలెను. దేవీమూర్తులకు మధ్యమదశతాళము, 120 అంగుళములు. ఇచ్చట అంగుళమనగా మన బట్టల కొట్టులోని అంగుళము కాదు. శిల్పి వ్రేలి కణుపు కూడ కాదు. నిలువబోవు మూర్తి యొక్క ఎత్తునే 124 భాగములు చేయగా వచ్చిన ఒక భాగము. దీనికి దేహలబ్ధాంగుళమని పేరు. ముఖమెంత, కంఠమెంత, నాభినుండి మోకాలికి ఎంత అనునది ఈ అంగుళముతోనే తేలవలెను. ఆచారిగారు దీనిని చెప్పుచు నవ్వి, "మా నాయన ఉలి ఇచ్చిన మొదటి దినమే నా చెయ్యి పట్టుకొని, ఈ వేలితో నీ అన్నం కలుపుకో, సామిని కొలవవద్దు అన్నాడు" అని చెప్పెను.

మనము దినదినమును చేయుచున్నదేమి? భగవంతుని మన వ్రేలితో కొలుచుట. నా కష్టము తీరినచో దయాళువు, తీరనిచో కఠినుడు. నా పంట పండిన యేట స్వామి మేలుకొని యున్నాడు, తుఫాను వచ్చిన యేట నిద్రించుచున్నాడు. ఆయన కొలత ఆయనలోనిదే యని శిల్పికి తొలిదినముననే నేర్పుదురు. ప్రవచనములు వినువారికి మేము ఇంకను నేర్పలేకున్నాము.

ఎత్తు, కొలత శాస్త్రము ఇచ్చును. ముఖమును ఎవరు ఇత్తురు? శుక్రనీతి ఈ విషయమున ఒక విచిత్రమైన మాట చెప్పినది. ప్రతిమ చేయువానికి ధ్యానమే మార్గము; వస్తువును కన్నులార చూచినను ధ్యానమునకు సాటిరాదని దాని భావము. రాజు ప్రతిమకు రాజును ఎదుట కూర్చుండబెట్టవచ్చును. సింహపు ప్రతిమకు సింహమును చూచిరావచ్చును. నృసింహునకు ఎవనిని చూచి రావలెను? సగము నరుడు, సగము సింహము అని నోటితో చెప్పుట తేలిక. సింహము ఎక్కడ ముగిసి నరుడు ఎక్కడ ఆరంభమగునో ఉలికి తెలియవలెను. జూలును భుజములమీదికి దించి ఆ అతుకును కప్పుట శిల్పుల ఉపాయము. కన్నులకు అట్టి ఉపాయము లేదు.

ఇచ్చట ఆయన తన కథ చెప్పెను.

"నాకు ఇరవైరెండేండ్లప్పుడు తొలిసారి నరసింహుని మొగం చెక్కినాను సామీ. అప్పుడు మా ఇంట్లో పంపకాల తగాదా. అన్నతో మాటల్లేవు. ఉలి పట్టుకుంటే చేతికి ఊపు వచ్చేది. పదిదినాల పని నాలుగు దినాల్లో చేసినాను. కోరలు, కనుబొమలు, నోరు, అన్నీ వచ్చినాయి. ఉగ్రం బాగా పడిందని నాకు సంబరం. మా నాయన వచ్చి చూసినాడు. చాలాసేపు చూసి, 'ఇది సింహం కాదురా, నువ్వు' అన్నాడు."

ఆ శిలను గోడవైపు త్రిప్పి పెట్టించి, తండ్రి కుమారుని కొలిమివద్ద కూర్చుండబెట్టెను. నల్లరాతిని చెక్కు ఉలి పూటలోనే మొద్దుబారును. మొనలను కాచి, సాగగొట్టి, నీటిలో ముంచి తిరిగి పదును పెట్టుచుండవలెను. ఆరునెలలు ఆయన చేసినది అదియే; ఇతరుల ఉలులకు పదును పెట్టుట. ఆ ఆరునెలలలో తన కోపమును తాను చూచితిననెను. కోపము వచ్చినప్పుడు చూచుట కాదు. వచ్చుటకు ముందు ఎక్కడ నుండునో, పోయిన తరువాత ఏమి మిగిల్చిపోవునో చూచుట. "నా కోపం ఎప్పుడూ నాకు ఏదో దక్కలేదనే సామీ. ఇంకొకరి కోసం ఒక్కనాడు రాలేదు" అని చెప్పి కొంతసేపు నీటివైపు చూచెను.

ఒక పగలు ఆయన భార్య వీధిబావి దగ్గర నుండగా, నడక నేర్చిన పసివాడు బావిగట్టు పట్టుకొని పైకి ప్రాకెనట. ఆమె కడవను పారవేసి, పరుగెత్తి, వానిని ఒంటిచేత లాగి, వీపుమీద ఒక్క దెబ్బ వేసి, అదే చేతితో గుండెకు అదుముకొని ఏడ్చెను. కన్నులు ఎఱ్ఱనై యున్నవి, పండ్లు బిగిసియున్నవి, చేతులు వణకుచున్నవి. "ఆ మొగం నేను చూసినాను. దాంట్లో పగ లేదు. మరునాడు నాయన్ను అడిగి ఇంకొక రాయి తెచ్చుకున్నాను."

పాఠకమహాశయులారా! మన పూర్వాచార్యులు చెప్పిన ఒక ఉపమానమును నేను ఎన్నిమారులు సభలలో చెప్పితినో లెక్కలేదు. ఏనుగుతో పోరాడుచున్న ఆడుసింహము ఆ పోరాటములోనే తన కూనకు పాలిచ్చునట. అట్లే స్వామి హిరణ్యకశిపుని యెడ క్రోధమును, ప్రహ్లాదుని యెడ వాత్సల్యమును ఒక్క కాలముననే వహించెను. నేను దానిని గ్రంథమునుండి గ్రహించితిని. ఈయన బావిగట్టున గ్రహించెను. ఎవరిది అధికమైన పాండిత్యమో నేను చెప్పనక్కరలేదు.

హంపీకి పోయినవారు అక్కడి మహామూర్తిని చూచియుందురు. 1528లో శ్రీకృష్ణదేవరాయలు ఏకశిలయందు చెక్కించిన, సుమారు 22 అడుగుల నృసింహుడు. నేడు లోకమాయనను ఉగ్రనరసింహుడని పిలుచుచున్నది. వాస్తవమునకు ఆయన లక్ష్మీనరసింహుడు. ఒడిలోని అమ్మవారి మూర్తి భగ్నమై తొలగిపోయినది. స్వామి వెనుకభాగమున ఆమె చేయి మాత్రము ఆలింగనముగా నిలిచియున్నది. శిల్పి చెక్కిన ముఖము మారలేదు. ప్రక్కనుండవలసిన తల్లి లేదు గనుక అదే ముఖము మనకు ఉగ్రముగా కనబడుచున్నది. అంతర్వేదిలో ఆయనను లక్ష్మీసమేతుడుగా చూచు భాగ్యము మనకు కలదు. ఆ ముఖమును చూచునప్పుడు ఆ బావిగట్టును ఒక్కమారు తలచుకొనుడు.

ఇంతవరకు చెప్పి ఆచారిగారు లేచుటకు సిద్ధపడెను. మరల కూర్చుండెను. అసలు మాట అప్పటికి గాని బయటపడలేదు.

సుమారు ముప్పదియేండ్ల క్రిందట ఒక పల్లెవారు చందాలు పోగుచేసికొని లక్ష్మీనరసింహమూర్తి కొరకు వచ్చిరట. ప్రతిష్ఠకు ముహూర్తము కూడ పెట్టుకొనిరి. ఎనిమిది నెలల పని. ముఖము ఆయన జీవితములోనే ఉత్తమముగా కుదిరినది. ఇక ఇరువది దినములు కలవనగా, వెనుకవైపు జూలు క్రింది అంచును తీర్చుచుండగా ఉలిక్రింద చప్పుడు మారెను. నీళ్లు చల్లి చూడగా వెండ్రుక వంటి ఒక జీర. ఎంత లోతున్నదో తెలియదు. ఆయన అప్పులలో నున్నాడు. పల్లెవారు కూలినాలి చేసికొనువారు. రెండవ శిలకు వారికి సొమ్ము లేదు. అదే రాతిపొడిని లక్కతో కలిపి, కాచి, ఆ జీరలో నింపి, పైన మెరుగు పెట్టెను. కంటికి తెలియదు. చేతికి సైతము తెలియదనుకొనెను.

"ప్రతిష్ఠనాడు కళ్లు తెరిపించినాను సామీ" అనెను.

నయనోన్మీలనమను ఆ క్రియను చాలమంది చూచియుండరు. అన్నిటికంటె చివర మూర్తికి నేత్రములు తీర్చుదురు. తెరచాటున, ఆచార్యుని సన్నిధిలో, బంగారు సూదితో రేఖ గీసిన పిదప శిల్పి తన పనిముట్టుతో కన్ను విప్పును. ఆ తొలిచూపు సామాన్యముగా పడరాదని దూడతో కూడిన ఆవును, ధాన్యరాశిని, అద్దమును ఎదుట నిలుపుదురు. ఆవెంటనే శిల్పికి వస్త్రములిచ్చి, దక్షిణయిచ్చి, సత్కరించి పంపివేయుదురు. మూర్తికి శుద్ధి చేసి జలాధివాసము, ధాన్యాధివాసము, శయనాధివాసము జరిపి ప్రతిష్ఠ చేయుదురు. అంతవరకు మూర్తిని ఒడిలో బిడ్డవలె త్రిప్పినవాడు, అటుపిమ్మట వ్రేలితో తాకరాదు. ద్వారమునకు ఈవల అందరితోపాటు నిలువవలసినదే. ఎనిమిది నెలలు వెనుకభాగమును చూచినవాడు ఇక ముఖము మాత్రమే చూడగలడు.

"ఆ దినం అందరూ ఏడుస్తారు సామీ, విడిచిపోతున్నామని. నేను మాత్రం బయటపడినానని సంతోషపడినాను. అదే నన్ను తింటా ఉంది. ముప్పై ఏండ్లుగా ఏ మూర్తిని చెక్కినా నా వేలు ముందుగా వీపు మీదికి పోతుంది. ఇప్పుడు చెప్పండి. ఆ రాతిలో సామి ఉన్నాడా?"

నాకు జక్కన కథ జ్ఞప్తికి వచ్చినది. 1964లో వచ్చిన 'అమరశిల్పి జక్కన' చలనచిత్రమును చూచినవారు మనలో ఎందరో కలరు. బేలూరు చెన్నకేశవమూర్తిలో దోషమున్నదని ఒక కుఱ్ఱశిల్పి పలికెనట. ఉన్నచో కుడిచేయి నరకుకొందునని జక్కనాచారి పంతగించెను. మూర్తికి నిలువెల్ల గంధము పూసిరి. అంతటను ఆరినది, నాభివద్ద మాత్రము ఆరలేదు. అక్కడ ఉలి వేయగా నీరును, ఇసుకయు, ఒక కప్పయు బయటపడినవి. ఆ కుఱ్ఱవాడు తన కుమారుడే. చేయి ఖండించుకొనిన జక్కన స్వామి ఆనతిని తన పుట్టినయూరికి పోయి కేశవుని నిలుపగా చేయి తిరిగి వచ్చినదని, ఆ యూరే కైదాల యైనదని కన్నడదేశమున చెప్పుకొందురు. ఇది ఐతిహ్యము, చరిత్రయని నేననను. శిలాగర్భములో జీవి యుండవచ్చునని, లేపనములచే దాని జాడ తెలియునని మాత్రము శాస్త్రములలోనే కలదు. ఆ కథలో జనులు చేయి తెగుటను తలచి కంటతడి పెట్టుదురు. నన్ను పట్టి నిలుపునది గంధము ఆరని చోటు. అందరి కన్నులకు సమముగానున్న నునుపులో ఒక్కచోట తడి నిలిచినది. అది చెప్పినది, శిల్పి చెప్పలేదు.

ఈ కథను ఎత్తగనే ఆయన, "నా రాతికి గంధం ఎవరూ పూయలేదు సామీ" అనెను.

నేను తొందరపడి ఓదార్పు చెప్పలేదు. స్వామి సర్వాంతర్యామి గనుక ఆ రాతిలోను ఉన్నాడని చెప్పుట సులభము. ఆ మాట సత్యమే, కాని ఆయన అడిగినది అది కాదు. దోషశిల పూజార్హము కాదని ఆగమము చెప్పినదని శిరస్సు వంచి వెడలగొట్టుటయు సులభమే. ఆగమము అంత కఠినముగా ఒక్కమాటతో విడువలేదు. మహాంగము, అంగము, ఉపాంగము, ప్రత్యంగము అని విభజించి, ఏ అవయవమునకు ఏ హాని కలిగినచో మూర్తిని విడువవలెనో, దేనికి సంధానము చేయవచ్చునో, ఎప్పుడు బాలాలయము కట్టి శక్తిని అందులోనికి మార్చవలెనో, ఎప్పుడు సంప్రోక్షణము చాలునో విడివిడిగా చెప్పినది. ఆ నిర్ణయము ఆలయాచార్యులది. నాది కాదు, ఆయనది కాదు. ఆచార్యులు నిర్ణయింపవలెనన్నచో ముందు వారికి తెలియవలెను.

మరియొక సంగతి నాకు అచ్చటనే, ఆ ఇసుకలోనే స్ఫురించినది. ఈ క్షేత్రముననే గదా స్వామి రక్తవిలోచనుని సంహరించెను! హిరణ్యాక్షుని కుమారుడైన ఆ రాక్షసుని రక్తబిందువు ఎన్ని ఇసుకరేణువులపై పడునో అందరు రాక్షసులు పుట్టవలెనని వానికి వరము. వసిష్ఠమహర్షి నూర్గురు కుమారులను చంపిన ఆ దుష్టుని స్వామి కొట్టుకొలది రాక్షసులు పెరిగిరి. మాయాశక్తి ఆ రక్తమును నేలపై పడకుండ ఆపిన పిదపనే వాడు కూలెను. ఆమెయే ఇచ్చట అశ్వరూఢాంబికగా కొలువందుచున్నది. దాచిన దోషము తీరు ఇట్టిదే. ఆయన దానిని ముప్పదియేండ్లు కొట్టుచునే యున్నాడు. ఉపవాసములు చేసెను, కూలి తీసికొనక రెండు మూర్తులను చెక్కి యిచ్చెను, అహోబిలపు కొండలెక్కెను. ప్రతి దెబ్బకును ఆ చుక్క మరియొకచోట లేచినది. పట్టుకొనువారి చేతిలో పడలేదు గనుక.

"ఆచారిగారూ, మీరు ముప్పదియేండ్లుగా ఆ రాతిలో స్వామి ఉన్నాడా అని అడుగుచున్నారు. ఆ ఊరివారిని ఒక్కమారును అడుగలేదు. రాతిని తట్టి ఆగవలెనని నాకు నేర్పినవారు మీరే. అక్కడికి పోయి తట్టి, ఆగి వినుడు" అంటిని.

"తరిమికొడితే?"

"కొట్టవచ్చును. మూర్తిని తీసివేయవలెనని ఆచార్యులు చెప్పవచ్చును. ఆ వ్యయము మీపై పడవచ్చును. అది కూడ వారి మాటయే."

ఇది కఠినముగా పలికితినేమోయని తరువాత నాలో నేను బాధపడితిని. డెబ్బది దాటిన మనిషి. ఆయన ఏమియు అనక, నదిలో చేతులు కడిగికొని, రథోత్సవము చూచి వెళ్లిపోయెను. క్రొత్త రథము కదలినప్పుడు జనుల గోవిందనామస్మరణలో ఆయన ఎక్కడ నుండెనో నాకు కనబడలేదు.

వైశాఖమాసములో ఫోను వచ్చినది. ఆయన పోయెను. నేరుగా గుడికి పోవక, ముందు అర్చకుని ఇంటికి పోయెనట. ప్రతిష్ఠ చేయించిన వృద్ధార్చకుడు కాలధర్మము చెందగా కుమారుడు అర్చనచేయుచున్నాడు. గడపవద్దనే నిలిచి ఆచారిగారు జరిగినదంతయు చెప్పెను. ఆ యువకుడు ఆశ్చర్యపడలేదట.

"వెనక, జూలు కింద, కుడివైపు గదా?" అని అతడే అడిగెను.

తిరుమంజనమునకు ముందు నూనె అలదునప్పుడు ప్రతిమారును అక్కడ వ్రేలు తగులునట. రాయి చల్లగా నుండును, ఆ గీత మాత్రము చల్లదనములో కొంచెము వేరు. తండ్రి అతనికి సేవ నేర్పినప్పుడే ఆ చోటు చూపి, ఇచ్చట గట్టిగా రుద్దకుము, మెత్తని బట్టతో అద్దుమని చెప్పెను. ఏమి కారణమని అడుగగా, చెక్కినవాని బాధ ఏదో ఇచ్చట ఉన్నదని మాత్రమే పలికెనట. శిల్పి చేతికి తెలియదనుకొనినది పూజించు చేతికి మొదటి వారముననే తెలిసినది. ముప్పదియేండ్లు తండ్రియు కొడుకును ఆ జీరను పసిబిడ్డ గాయమువలె తుడుచుచున్నారు.

మన సంప్రదాయమున పరమాత్మకు పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అని అయిదు స్థితులు చెప్పుదురు. కడపటిదైన అర్చలో ఆయన నిలిపినచోట నిలుచును, స్నానము చేయించిన చేయును, ఆరగింపు పెట్టిన ఆరగించును. సర్వస్వతంత్రుడు ఇంత పరతంత్రుడగునని మేము వర్ణించి చెప్పుదుము. ఉలిదెబ్బలను సహించి, లక్కను సహించి, వీపున ఒక మనుష్యుని భయమును ముప్పదియేండ్లు మోసెనని నేను ఏ సభయందును చెప్పియుండలేదు.

పిమ్మట ఆగమపండితులను పిలిపించిరి. వారు చూచి, జీర పైపైననేగాని లోనికి పోలేదని, మహాంగమును తాకలేదని, శాంతిహోమమును సంప్రోక్షణమును చాలునని నిర్ణయించిరి. గ్రామస్థులలో కొందరు కోపించిరి. ఒకరిద్దరు పరుషముగా మాటలాడిరి. ఆచారిగారు ఆ వ్యయములో తన భాగమును ఇచ్చితిననెను. ఎంతయో నేను అడుగలేదు.

సంప్రోక్షణమునాడు తైలమును అర్చకుడే అలదెను. వెనుకవైపు వచ్చినప్పుడు అతని చేయి మెల్లనగుట ఆచారిగారు గుర్తించెనట. ఆయన ద్వారబంధమునకు ఈవల, పల్లెవారి నడుమ, వరుసలో నిలిచియుండెను. నిలిచినచోటునుండి స్వామి ముఖమును, అమ్మవారి ముఖమును కనబడినవని చెప్పెను.

"బాగా కుదిరిందా మొగం?" అని నేను అడిగితిని.

కొంతసేపు ఫోనులో శబ్దము లేదు. "అప్పుడు నేను చూడలేదు సామీ. దండం పెట్టుకుంటా ఉన్నాను" అనెను.